నలభై రెండు రోజుల పాస్‌వర్డ్

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే పదవీ విరమణ చేసి ఉండాలంటారు. నాకు ఇంకా ముప్పై రెండేళ్ళే. అయితే నేను చెప్పబోయే ఉద్యోగం నుంచి నన్ను పూర్తిగా విరమింపజేశారు కాబట్టి, ఆ మేరకు అర్హత ఉందనుకుంటున్నాను. కొత్తగా సర్వర్ల దగ్గర పనికి చేరినవాళ్ళు అప్పుడప్పుడు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు. ఒక ప్రోగ్రామ్‌ను తెర మీద నడపడానికీ, సర్వీసుగా నడపడానికీ తేడా ఏమిటి అని. పుస్తకంలో దానికి అర పేజీ జవాబు ఉంది. నాకు తెలిసిన జవాబు కొంచెం పెద్దది. అందులో ఒక మనిషి ఉద్యోగమూ, ఒక ఊరి నాలుగు రోజుల నీళ్ళూ ఉన్నాయి.

రెండు వేల సంవత్సరం దాటాక వరసగా వానలు లేని ఏళ్ళు వచ్చాయి. ఆ ఏళ్ళలో ఒక ఎండాకాలం నేను అనంతపురంలో, పల్లెలకు ట్యాంకర్లతో తాగునీళ్ళు పంపే ఒక కార్యాలయంలో పనిచేశాను. పనిచేశాను అనడం కూడా పూర్తిగా సరికాదు. హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఏజెన్సీ నన్ను నియమించుకుని మూడు కార్యాలయాలకు పంచింది. ఈ కార్యాలయం వంతు మంగళవారం, గురువారం. మిగతా రోజుల్లో అక్కడి సర్వర్‌కు దిక్కు ఒక అటెండర్.

ఆయనకు యాభై దాటాయి. ఏడో తరగతి చదివారు. పంతొమ్మిదేళ్ళుగా దినకూలీ లెక్కన పనిచేస్తున్నారు. ఆ ఏడాది ఆయన పేరు పర్మనెంట్ చేయాల్సినవాళ్ళ జాబితాకు ఎక్కింది. ఫైలు పైఆఫీసులో ఉంది. దానికి ఒకటే షరతు: సర్వీసు పొడవునా మచ్చ ఉండకూడదు. ఒక్క మెమో ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది. ఈ విషయం ఆయన నన్ను కలిసిన మొదటి రోజే చెప్పారు. బహుశా కలిసిన అందరికీ చెప్పేవారు.

పని ఇలా జరిగేది. ఏ ఊళ్ళో బోరు ఎండితే ఆ మండల కార్యాలయంవాళ్ళు ఒక చిన్న ఫైలు తయారుచేసి ఫోను లైను మీదుగా మాకు పంపేవారు. అది ఒక కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పడేది. పక్కనున్న సర్వర్‌లోని ప్రోగ్రామ్ ఆ ఫైలును చదివి, ఊరి పేరును ట్యాంకర్ల జాబితాలోకి ఎక్కించేది. ఎక్కిన ఊరు, మండలం నుంచి ‘ఇక చాలు’ అని మరో ఫైలు వచ్చేదాకా జాబితాలో ఉండేది. పొద్దున్నే గుమాస్తా ఆ జాబితాను అచ్చువేస్తే, డ్రైవర్లు దాన్ని పట్టుకుని బయల్దేరేవారు. జాబితాలో లేని ఊరికి ట్యాంకరు వెళ్ళదు. డ్రైవరుకు మనసు లేక కాదు, కాగితం లేకుండా వెళితే ఆ ట్రిప్పు ఎవరిదో తేలదు.

ఆ ప్రోగ్రామ్ మొదట్లో తెర మీదే నడిచేది. అటెండర్ పొద్దున్నే మెషిన్ ఆన్ చేసి, నేను చూపించిన బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే ఒక నల్ల విండో తెరుచుకునేది. ఒక్కో ఫైలు చదివినప్పుడల్లా అందులో ఒక్కో వరస పైకి జరిగేది. ఊరి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేవి. ఆయనకు ఇంగ్లీషు రాదు. కానీ నెల తిరిగేసరికి పేరు పొడుగును బట్టి, మొదటి అక్షరం ఆకారాన్ని బట్టి సగం ఊళ్ళను గుర్తుపట్టేవారు. గది తుడిచి, తెర ముందు నిలబడి లెక్కపెట్టుకుని, బయటికొచ్చి డ్రైవర్లతో అనేవారు:

“ఈ పొద్దు మూడు ఎక్కినాయి, ఒకటి దిగింది. గార్లదిన్నె పక్క ఇంగోటి ఎండిపోయినట్టుంది.”

నేను దీన్ని ఆయన ముచ్చట అనుకుని వదిలేశాను. నా తప్పుల్లో మొదటిది ఇదే అయినా, దీనికి నంబరు వేయడానికి నాకు చాలా కాలం పట్టింది.

తెర మీద నడిచే ప్రోగ్రామ్‌తో చిక్కేమిటంటే, తెర ముందు కూర్చున్న ఎవరైనా దాన్ని మూసేయవచ్చు. ఒకసారి స్టెనో ఉత్తరం టైపు చేసుకోవడానికి వచ్చి, ఆ నల్లటిది అడ్డంగా ఉందని మూసేశాడు. ఇంకోసారి దుమ్ము దులుపుతూ అటెండరే మూసేశారు. అరగంటలో తానే గమనించి మళ్ళీ తెరిచారు, మూసింది తనేనని కూడా తానే అందరికీ చెప్పారు. స్టెనో చేసింది ఎవరికీ గుర్తులేదు. అటెండర్ చేసింది మాత్రం ఆఫీసు మొత్తానికి గుర్తుండిపోయింది. తానుగా చెప్పినవాడి తప్పులే గుర్తుంటాయి.

అందుకని మార్చి నెలలో నేను ఆ ప్రోగ్రామ్‌ను సర్వీసుగా మార్చాను. సర్వీసు అంటే ఆపరేటింగ్ సిస్టమ్ తానుగా మొదలుపెట్టి, తానుగా నడిపించే పని. ఎవరూ లాగిన్ కానక్కర్లేదు, ఎవరూ బొమ్మ నొక్కనక్కర్లేదు, తెర మీద విండో ఉండదు. మెషిన్ ఆన్ అయితే చాలు, అది వెనక నడుస్తూ ఉంటుంది. అప్పటి నుంచి రాత్రిళ్ళు మెషిన్ ఆపడం కూడా మాన్పించాను. ఆ రోజు నేను చాలా తృప్తిగా ఉన్నాను. ఎప్పుడైనా కరెంటు పోయి మెషిన్ ఆగితే ఏం చేయాలో రాసి గోడకు ఒక కాగితం కూడా అంటించాను.

1. యూపీఎస్ స్విచ్ వేయాలి.
2. మెషిన్ స్విచ్ వేయాలి.
3. మానిటర్ స్విచ్ వేయాలి.
4. ఇంకేమీ ముట్టుకోరాదు.

అటెండర్ ఆ కాగితాన్ని చదివి, ఖాళీ తెరను చూసి అడిగారు.

“ఏమప్పా, ఆ నల్లది యాడికి పోయ?”

“ఎనకాల నడుస్తాంటుందిలే అన్నా. ఇంగ నువ్వు చూడాల్సిన పనిల్యా.”

“ఎనకాల అంటే యాడ? మానిటర్ ఎనకాల నేనే గదా తుడిచేది. ఆడ వైర్లు తప్ప ఏం లేవు.”

“లోపల అన్నా. కనపడదు.”

“కనపడకపోతే నడుస్తాందని నీకెట్ల తెలుస్తాది?”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఇక్కడ కొంచెం సాంకేతికం. ఇది అర్థమైతే మిగతాది అర్థమైనట్టే. సర్వీసు కూడా ఎవరో ఒకరి పేరు మీద నడవాలి. మామూలుగా సిస్టమ్ సొంత ఖాతా మీద నడుస్తుంది. కానీ ఫైళ్ళు పడే ఫోల్డర్ పక్క కంప్యూటర్‌లో ఉండేది, ఆ ఖాతాకు అక్కడికి వెళ్ళే అనుమతి లేదు. అలాంటప్పుడు ఆ పని కోసమే వేరే ఖాతా తెరవాలి. దానికి పది నిమిషాలు పడుతుంది. నాకు అప్పటికే అన్ని అనుమతులూ ఉన్నాయి కాబట్టి నా సొంత పేరూ, ఆ రోజే పెట్టుకున్న నా కొత్త పాస్‌వర్డూ ఇచ్చాను. పది నిమిషాలు మిగిలాయి. వాటితో ఏం చేశానో ఇప్పుడు గుర్తులేదు.

నలభై రెండు రోజులు గడిచాక ఒక గురువారం నేను లాగిన్ అవుతుంటే, పాస్‌వర్డ్ గడువు తీరింది, మార్చుకోండి అని తెర మీద వచ్చింది. ఎవరూ ఏమీ మార్చకపోతే ఆ సిస్టమ్‌లో గడువు నలభై రెండు రోజులు. మార్చాను. నా డైరీలో తేదీతో సహా రాసుకున్నాను కూడా. నేను మార్చుకున్న సంగతి సర్వీసుకు తెలియదు. దాని దగ్గర పాతదే ఉంది. అయినా అప్పటికే లోపల ఉంది కాబట్టి హాయిగా నడుస్తూనే ఉంది. తాళం మార్చిన ఇంట్లో ముందే దూరి కూర్చున్నవాడి మాదిరి. బయటికొస్తే మళ్ళీ లోపలికి వెళ్ళలేడు, అంతే.

ఆదివారం పొద్దున కరెంటు పోయి సాయంత్రానికి గానీ రాలేదు. యూపీఎస్ గంటన్నర మోసి ఆగిపోయింది. సోమవారం అటెండర్ వచ్చి గోడ మీది కాగితం ప్రకారం మూడు స్విచ్చులు వేశారు, నాలుగో అంశం ప్రకారం ఇంకేమీ ముట్టుకోలేదు. సర్వీసు పాత పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్ళబోయింది, కుదరలేదు, ఆగిపోయింది. తెర ఖాళీగా ఉంది. పని చేస్తున్నప్పుడూ అది ఖాళీగానే ఉండేది.

మామూలుగా ఏదైనా ఆగిపోతే అరుపులు వినిపిస్తాయి. ఇక్కడ ఏమీ వినిపించలేదు. మండలాల నుంచి ఫైళ్ళు వచ్చి ఫోల్డర్‌లో పడుతూనే ఉన్నాయి. గుమాస్తా పొద్దున్నే జాబితా అచ్చువేస్తూనే ఉన్నాడు, పైన తేదీ కొత్తది, కింద ఊళ్ళు పాతవి. ట్యాంకర్లు అవే ఊళ్ళకు వెళ్ళి వస్తూనే ఉన్నాయి. కాగితం చూస్తే అంతా సవ్యంగా ఉంది.

మంగళవారం నేను వెళ్ళాను. అటెండర్ గది తాళం తీస్తూ అన్నారు.

“అప్పా, నిన్నటి ఊర్లే ఈ పొద్దు గూడా వచ్చినాయి.”

“రోజూ నీళ్ళు కావాల గదన్నా. అవే వస్తాయి.”

“అది గాదు. ఒక్కటి ఎక్కలే, ఒక్కటి దిగలే. ఈ ఎండల్లో అట్ల ఉంటాదా? ఒగసారి చూడు.”

“అంతా ఆటోమేటిక్ అన్నా,” అన్నాను. స్టెనో కంప్యూటర్‌కు ఫ్లాపీ పట్టడం లేదని పిలిస్తే అటు వెళ్ళిపోయాను. సర్వీసు నడుస్తోందో లేదో చూడడానికి నాలుగు క్లిక్కులు చాలు. నేను నొక్కలేదు. ఆ రోజు ఫ్లాపీ డ్రైవ్ మాత్రం చక్కగా బాగుచేశాను.

గురువారం పదకొండుకు నేను వెళ్ళేసరికి వరండా నిండా ప్లాస్టిక్ బిందెలు. శింగనమల పక్క ఒక పల్లె నుంచి ఇరవై మంది ఆడవాళ్ళు ట్రాక్టరు మీద వచ్చి కూర్చున్నారు. వాళ్ళ బోరు ఆదివారమే ఎండిపోయింది. మండలంవాళ్ళు సోమవారమే మాకు ఫైలు పంపారు. అందరిలోకీ పెద్దావిడ ఒకామె ఆఫీసుకు పెద్ద అయిన ఇంజనీరు గారి గది గుమ్మంలో నిలబడి అడుగుతోంది.

“సార్, మండలాపీసులో అడిగితే పంపించినామంటారు. ఈడికొస్తే రాలేదంటారు. నడమ యాడ పోయింది మా అర్జీ?”

“జాబితాలో లేదమ్మా మీ ఊరు,” అన్నాడు స్టెనో.

“జాబితాలో లేకపోతే దప్పి గాకుండా ఉంటాదా? నాలుగు దినాలాయ. తోటాయన బాయికాడికి పోతాండాము, రెండు మైళ్ళు. ఆయప్ప పొద్దన్నే ఒగ గంట మోటరు ఏస్తాడు, ఆ గంటలో ఎవురు ముందు పడితే వాళ్ళకు. నా కోడలు నిండు నెలల మనిషి. బిందె సంకన పెట్టుకోని పోతాంది. నీ జాబితాలో ఆ పిల్లను గూడా రాసుకో.”

ఇంజనీరు గారు కోస్తా ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చినాయన. గొంతు పెంచరు. ఒక తెల్లకాగితం తీసుకుని తన చేత్తో ఆ ఊరి పేరు రాసి, సంతకం చేసి, వరండాలో ఉన్న డ్రైవరుకు ఇచ్చారు. ట్యాంకరు పన్నెండు లోపే బయల్దేరింది. తర్వాత నన్ను చూశారు.

“వెళ్ళి చూడండి.”

రెండు నిమిషాలు పట్టింది. సిస్టమ్ తన దినచర్య పుస్తకంలో అన్నీ రాసుకుంటుంది. సోమవారం ఉదయం తొమ్మిది దాటాక ఎర్ర గుర్తుతో ఒక వరస ఉంది: లాగిన్ కుదరక ఫలానా సర్వీసు మొదలుకాలేదు. పక్కనే ఎవరి పేరు మీద కుదరలేదో ఆ పేరు. నాది. కొత్త పాస్‌వర్డ్ కొట్టి స్టార్ట్ నొక్కాను. ఫోల్డర్‌లో ఆగి ఉన్న నలభై ఒక్క ఫైళ్ళూ ఒక నిమిషంలో జాబితాలోకి వెళ్ళాయి. ఆ పల్లెది అందులో ఆరోది.

తిరిగి గదిలోకి వెళ్ళాను.

“ఏమైందండీ?”

“సర్వీస్ స్టార్ట్ కాలేదు సార్.”

“ఎందుకని?”

“ఆదివారం కరెంటు పోయి మెషిన్ ఆగిపోయింది సార్. సోమవారం మళ్ళీ ఆన్ చేశారు.”

“ఎవరు?”

నేను ఆఖరున చెప్పిన రెండు వాక్యాలూ నిజాలే. మూడో వాక్యం నేను చెప్పనక్కర్లేకపోయింది. ఆ ఆఫీసులో తాళాల రిజిస్టర్ ఒకటి ఉండేది. ఎప్పుడో ఒక టైపు మిషన్ పోయిన తర్వాత పెట్టిన ఆచారం. ఏ గది తాళం ఎవరు తీసుకుంటే వాళ్ళు సంతకం పెట్టాలి, ఆ రోజు ఆ గదిలో ఏం జరిగినా ఆ సంతకానిదే బాధ్యత. బయటి ఏజెన్సీ మనిషిని కాబట్టి నన్ను అందులో సంతకం పెట్టనివ్వరు. నేను ఎప్పుడూ అటెండర్ తాళం తీస్తే వెనకే లోపలికి వెళ్ళేవాణ్ణి. రిజిస్టర్ తెప్పించి చూస్తే, రెండేళ్ళుగా ఆ గదిలోకి ఆ ఒక్క మనిషి తప్ప వేరే ప్రాణి అడుగుపెట్టలేదు. పైగా, ఒకప్పుడు దుమ్ము దులుపుతూ ఆయన ఏదో మూసేశారన్న సంగతి స్టెనో గుర్తుచేశాడు.

సాయంత్రానికి అటెండర్‌కు మెమో వచ్చింది. నిర్లక్ష్యంగా యంత్రాన్ని వాడి నీటి సరఫరాకు అంతరాయం కలిగించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

అప్పటికీ నేను నోరు తెరవలేదు. నా వాదన ఇలా ఉండేది. ఒకటి, సంజాయిషీ ఇస్తే సరిపోతుంది. రెండు, పెద్దాయన కాబట్టి వదిలేస్తారు. మూడు, నేను ఇప్పుడు చెప్పినా ఎండిన నాలుగు రోజులు తిరిగి రావు. ఇలాంటి అంశాలు మీకు కూడా తోస్తాయి. వరసగా, నంబర్లతో తోస్తాయి. అబద్ధానికి నంబర్లు వేస్తే అది చాలా శుభ్రంగా కనిపిస్తుంది.

తర్వాతి మంగళవారం ఆయన సర్వర్ గదిలో నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. జేబులోంచి మడిచిన మెమో తీసి కీబోర్డు మీద పెట్టారు.

“అప్పా, నువ్వు పాయింట్లు పాయింట్లుగా బాగా రాస్తావు. దీనికి జవాబు నాకొకటి రాసియ్యి.”

“స్టెనోను అడగలేదాన్నా?”

“ఆయప్ప రాస్తానన్నాడు. క్షమించమని రాస్తాడంట. క్షమించమంటే నేనే చేసినట్టు గదా? ఫైలు ఆడనే ఆగిపోతాది. పంతొమ్మిదేండ్లు, అప్పా. ఇంగ నాలుగు నెల్లు ఓర్చుకోని ఉంటే అయిపోయేది.”

కాగితం తీసుకున్నాను. నాకు తెలిసిన పద్ధతిలో మొదలుపెట్టాను. ఒకటి: సోమవారం ఉదయం తొమ్మిదికి తాళం తీసుకున్నాను. రెండు: గోడ మీది సూచనల ప్రకారం మూడు స్విచ్చులు వేశాను. మూడు: సూచన ప్రకారమే మరేమీ ముట్టుకోలేదు. ఇంతవరకు బాగా వచ్చింది. నాలుగో నంబరు వేసి, పెన్ను ఎత్తి కూర్చున్నాను.

“ఏమాయ?”

“నాలుగోది ఆలోచిస్తాండా.”

“మంగళవారం నీకు చెప్పినా గదా, ఊర్లు ఎక్కలేదు దిగలేదని. అది రాయి.”

నేను నాలుగో నంబరు మీదే మళ్ళీ దిద్దాను.

“రాస్తే నీకు తగులుకుంటాది,” అన్నారాయన. “నాకు తెలుసు. రాయకపోతే నాకు తగులుకుంటాది. ఏదో ఒగటి రాయప్పా, నా బస్సుకు టైమైతాంది.”

అందులో నిష్ఠూరం లేదు, వేడుకోలు లేదు. నిజంగానే గోడ గడియారం వైపు చూస్తున్నారు. ఆయన నా మీద అరిచి ఉంటే నేను వాదించేవాణ్ణి. బతిమాలి ఉంటే, ఏమో, ఓదార్చి పంపేసేవాణ్ణేమో.

“అన్నా, అది చూడకపోవడం ఒగటే గాదు,” అన్నాను. “ఆగిపోయింది గూడా నా వల్లే. నేను పాస్‌వర్డ్ మార్చినా. దానికి చెప్పలేదు. గురువారం చూసినప్పుడే నాకు తెలుసు.”

ఆయన కొంతసేపు తెర వైపు చూశారు. అక్కడ ఏమీ లేదు.

“గురువారమే తెలుసా?”

“తెలుసు.”

“నేను గురువారం నుంచి సరిగ్గా అన్నం తిన్లేదప్పా. మా ఆడమనిషి జ్వరమేమో అని ఆస్పత్రికి గూడా పిల్చుకోని పోయింది. రెండు సూదులు ఏసినారు.” లేచి నిలబడ్డారు. “సరే, రాయి. రేపు ఇస్తా. అక్షరాలు కొంచెం పెద్దవి రాయి, ఆ సారుకు చూపు ఆనదు.”

నాలుగో అంశం రాశాను. ఐదు, ఆరు కూడా వచ్చాయి. తర్వాత నా పేరు మీద ఇంకో ఉత్తరం రాశాను. మరునాడు బుధవారం, నా వంతు కాని రోజు. రెండు కాగితాలూ పట్టుకుని ఇద్దరం ఇంజనీరు గారి గదికి వెళ్ళాం. ఆయన ముందు అటెండర్‌ది చదివారు, తర్వాత నాది చదివారు, మళ్ళీ అటెండర్‌ది చదివారు.

“ఇది మీరు రాసి పెట్టిందేనా?”

“అవును సార్.”

“గురువారం మీకు ఎన్ని నిమిషాల్లో తెలిసిందండీ, ఇది?”

“రెండు నిమిషాల్లో సార్.”

“చెప్పడానికి ఆరు రోజులు పట్టింది.”

నేను తలూపాను. ఆయన నా ఉత్తరాన్ని పక్కకు జరిపారు.

“ఇదిగో, దీన్ని నేనేం చేసుకోను? మీరు మా ఉద్యోగి కారు. మీకు మెమో ఇచ్చే అధికారం నాకు లేదు. మీ సంతకం మా ఏ పుస్తకంలోనూ లేదు. మీరిక్కడికి వారానికి రెండు రోజులు వస్తున్నారన్నది నాకు తెలుసు కానీ ఫైలుకు తెలీదు. ఫైలు ప్రకారం గదిలో ఉన్నది ఈయనొక్కడే.”

“ఆయప్ప నా ఎనకాలే వస్తాడు సార్, మంగళారం, గురువారం,” అన్నారు అటెండర్. “నేను సాచ్చ్యం.”

“మీ మీద ఆరోపణకు మీరే సాక్షి అంటే ఎలాగయ్యా?”

ఇంజనీరు గారు రెండు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పెట్టారు. చివరికి ఆయనే దారి చెప్పారు. వ్యక్తిగా నేను లేను గానీ, ఏజెన్సీ ఉంది. ఏజెన్సీ తరఫున సాంకేతిక నివేదిక ఇస్తే అది ఫైలులో పెట్టవచ్చు, దాన్ని ఆధారం చేసుకుని మెమోను ఉపసంహరించవచ్చు. అందులో కారణం స్పష్టంగా ఉండాలి. ‘సాంకేతిక లోపం’ అని రాస్తే చాలదు, పైఆఫీసువాళ్ళు లోపం ఎవరిదని అడుగుతారు.

హైదరాబాదుకు ఫోన్ చేస్తే అక్కడి మేనేజర్ సరిగ్గా ఆ రెండు మాటలే రాయమన్నాడు. సాంకేతిక లోపం. దానికి ఎవరూ బాధ్యులు కారు, అందరూ బాగుంటారు అన్నాడు. నేను సరేనన్నాను. తర్వాత కూర్చుని, ఏజెన్సీ లెటర్‌హెడ్ మీద తొమ్మిది అంశాలతో నివేదిక రాశాను. వాటిలో తప్పులు మూడు: సర్వీసును వ్యక్తిగత ఖాతాపై నడపడం, పాస్‌వర్డ్ మార్చినప్పుడు సర్వీసులో మార్చకపోవడం, హెచ్చరించినా పరిశీలించకపోవడం. ఈ మూడింటి పక్కనా బాధ్యుడు అన్న చోట నా పేరు రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన కాగితాల్లో ఒక్క కొట్టివేత కూడా లేనిది అదొక్కటే.

మెమో వెనక్కి తీసుకున్నారు. ‘సంజాయిషీ తృప్తికరం’ అని అటెండర్ ఫైలులో ఒక వాక్యం చేరింది. ఇంజనీరు గారు దాన్ని మచ్చగా లెక్కించరాదని పక్కనే ఇంకో వాక్యం కూడా రాశారు. ఆయనకు ఫైళ్ళ స్వభావం తెలుసు.

మిగిలిన నెలలో నేను చేయాల్సిన పనులు చేశాను. సర్వీసు కోసం విడిగా ఒక ఖాతా తెరిచాను, దాని పాస్‌వర్డ్‌కు గడువు లేకుండా చేశాను. మెషిన్‌ను మూడుసార్లు ఆపి, ఆన్ చేసి, సర్వీసు తానుగా లేస్తోందని చూసుకున్నాను. సర్వీసు ఆగితే మళ్ళీ తానే ప్రయత్నించేలా పెట్టాను. ఇవన్నీ ఒక మధ్యాహ్నంలో అయిపోయాయి. ఇంకో మూడు రోజులు మాత్రం అటెండర్ అడిగిన దానికి పట్టింది.

“నాకు కనపడేటట్టు ఏదన్నా పెట్టప్పా,” అన్నారాయన. “అదే నడిచిపోతుందని మళ్ళా చెప్పొద్దు.”

తెర మీద ఒక చిన్న విండో పెట్టాను. మూడే అంకెలు, చాలా పెద్ద సైజులో: ఈ రోజు ఎక్కినవి, దిగినవి, చదవకుండా ఫోల్డర్‌లో ఆగి ఉన్నవి. మూడోది సున్నా కాకపోతే ఎరుపు. ఆ విండోను మూసినా సర్వీసుకు ఏమీ కాదు. ఆయన దాన్ని చాలాసేపు చూశారు. మూసి చూశారు, తెరిచి చూశారు.

“ఇది చాలు. ఎనకాల నీ సర్వీసు ఉంటాదో దేవుడుంటాడో, నాకు పనిల్యా.”

కాబట్టి తేడా ఏమిటని అడిగే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా జవాబు ఇది. సర్వీసుగా నడిపితే ఎవరూ చూస్తూ కూర్చోనక్కర్లేదు అని పుస్తకంలో రాసి ఉంటుంది. అది నిజమే. అప్పటిదాకా చూస్తూ కూర్చున్న మనిషి ఎవరో, ఆయన ఏమేం కనిపెట్టేవాడో ముందు కనుక్కోండి. మీరు తీసేస్తున్నది విండోను ఒక్కటే కాకపోవచ్చు. ఆ మనిషి వచ్చి ఊళ్ళు ఎక్కలేదు దిగలేదు అంటే, మీకు అర్థమయ్యే భాషలో ఆయన చెప్పలేదని వదిలేయకండి. నాలుగు క్లిక్కులు నొక్కండి. ఫ్లాపీ ఎక్కడికీ పోదు.

నెలాఖరుకు ఏజెన్సీ నా కాంట్రాక్టును పొడిగించలేదు. కారణం రాయలేదు. అడిగితే ‘నిర్వహణపరమైనది’ అన్నారు. నేను బెంగళూరులో వేరే పని చూసుకున్నాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం మా ఆఫీసు ఫోనుకు అనంతపురం నుంచి పిలుపు వచ్చింది. అవతల ట్రాఫిక్ చప్పుడు, అటెండర్ గొంతు. ఎస్టీడీ బూత్ నుంచి మాట్లాడుతున్నారు.

“అప్పా, ఆర్డర్ వచ్చింది. పర్మనెంట్.”

నేను సంతోషమన్నాను. తర్వాత నా స్థానంలో వచ్చిన కుర్రాడు ఎలా ఉన్నాడని అడిగాను.

“ఉండాడు. ఏది చెడినా కరెంటు అంటాడు, లేకపోతే వైరస్ అంటాడు, అదీ గాకపోతే నేను అంటాడు. ఇంతవరకు ఒగ తప్పు గూడా ఒప్పుకోలే.”

“మరి ఇంజనీరు సారు ఏమంటాడన్నా?”

“ఏమంటాడు? మంచి పనోడంట. వాళ్ళ కంపెనీ వాళ్ళు ఆయప్పకు ఇంగా రెండేండ్లు పొడిగించినారు.”